పన్ను పడని నేల

పల్నాడులో నేల మూడు రకాలు. మొదటిది పొలం. దానికి సర్వే నెంబరు ఉండేది, శిస్తు ఉండేది, కరణంగారి దస్త్రంలో ఒక వరస ఉండేది. రెండోది అడవి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక నల్లమల అంచుల్లోనూ హద్దురాళ్లు పడ్డాయి. గొడ్డును మేపుకోవాలంటే పుల్లరి కట్టాల్సి వచ్చింది. మూడోది ఇంటి వెనక దొడ్డి. అది గ్రామకంఠంలోది. గ్రామకంఠానికి శిస్తు లేదు కాబట్టి సర్కారు దాన్ని కొలవలేదు. కొలవలేదు కాబట్టి కాగితాల్లో దాని ఊసే లేదు. పాత జమాబందీ లెక్కల్లో ఏ ఏడు ఎంత జొన్న వేశారో దొరుకుతుంది. ఎవరి దొడ్లో సొరపాదు ఎంత కాసింది, ఆ కాయలు ఏయే ఇళ్లకు వెళ్లాయి అన్నది దొరకదు.

నేను రాయబోయేది ఆ మూడో నేల గురించి. గురజాల చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్‌ఎంగా పనిచేసి, రిటైరై ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాను. చరిత్ర చదువుకున్నదాన్ని కాను. అయితే ఇళ్లలోకి నేను వెళ్లిన దారి వేరు. ముందు అరుగు మీద మగవాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్లెదుట నెల తప్పిన సంగతి, ఆపరేషన్ సంగతి మాట్లాడటం కుదరదు. అందుకని పక్క సందులోంచి తిరిగి దొడ్డివైపు వెళ్లేదాన్ని. అంట్లు తోముతూ, పాదు తవ్వుతూ, చిక్కుడుకాయలు కోస్తూ ఆడవాళ్లు చెప్పిన మాటలతోనే నా రిజిస్టరు నిండేది. రిజిస్టరులో రాయడానికి గడి లేని మాటలు కూడా చాలా ఉండేవి. అవి ఇక్కడ రాస్తున్నాను.

పల్నాడు మెట్టసీమ. శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటువుల్లో ఈ సీమ రాళ్లనూ జొన్నకూటినీ వెక్కిరించినవి ఉన్నాయి. వెక్కిరింపే అయినా అందులో అబద్ధం లేదు. ఉత్తరపు హద్దు పొడుగునా కృష్ణ పారుతున్నా నీళ్లు లోతున, నేల ఎత్తున. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనాభాకు లక్షన్నర మంది దాకా పోయారని అంచనా. ఆ తర్వాత బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట మొదలుపెట్టి 1855కి పూర్తి చేశారు. ఆ నీళ్లు డెల్టాకు వెళ్లాయి. పల్నాడుకు వాన, వాగు, చాలా ఊళ్లలో ఉప్పునీళ్ల బావి, అంతే మిగిలాయి. తాగేందుకు నాగులేటి ఇసకలో చెలమ తవ్వి తోడుకున్న నీళ్లను మొక్కకు పోసే ధైర్యం ఎవరికుంటుంది?

అందుకే ఇక్కడ దొడ్డి ఎప్పుడూ వాడిన నీళ్ల మీదే బతికింది. గాబు పక్కన నాపబండ, దాని మీద స్నానం, అంట్లు, బట్టలు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి కుడితి తొట్లోకి పోతాయి, అవి గొడ్లవి. మిగిలిన నీళ్లు బండ మీద నుంచి చిన్న కాలవగా దిగుతాయి. ఆ కాలవను బట్టే మొక్కల వరస. బండకు ఆనుకుని చేమ, అరటి. తర్వాత బచ్చలి, తోటకూర. ఆ తర్వాత సొర, బీర, పొట్ల పాదులు. నీళ్లు అందని చివర మునగ, కరివేపాకు, గోరింట. ఎండు కంపతో కట్టిన దడి మీద దొండ, కాకర. కొన్నిచోట్ల దడి బదులు నిలువుగా పాతిన నాపరాళ్లు. పొయ్యిలో బూడిద పురుగు పట్టిన ఆకుల మీదికి, పేడ దిబ్బ మీదికి, దిబ్బ ఎరువు తిరిగి పాదులోకి. వేసవిలో మునగా కరివేపాకూ తప్ప దాదాపు అన్నీ ఎండిపోయేవి. తొలకరికి ముందు ఆడవాళ్లు గోడకు పేడతో కొట్టి ఆరబెట్టిన గుమ్మడి, దోస గింజలను ఊడదీసేవాళ్లు. చిక్కుడు గింజలు బూడిదలో కలిపి కుండలో దాచేవాళ్లు. ఇంట్లో గింజ పురుగు పడితే పక్కింటికి వెళ్లి అడగడమే. అడిగితే లేదనేవాళ్లు కాదు. ఆ గింజకు ధర కట్టినట్టు నేను ఎక్కడా వినలేదు.

అడవి ఆకుకు మాత్రం ధర పడింది. పుల్లరి భారం మీద పల్నాడు రగిలింది 1921లో. మాచర్ల, వెల్దుర్తి ప్రాంతాల రైతులు పుల్లరి కట్టబోమన్నారు, అధికారులకు సాయం మానేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో ఆ ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఆ పోరాటం పశువుల మేత కోసమని అందరికీ తెలుసు. అయితే అడవి ఆడవాళ్లకు మందులపెట్టె కూడా. వావిలాకు, నేలవేము, తిప్పతీగ, నల్లేరు అక్కణ్నుంచే వచ్చేవి. మా అమ్మమ్మ వైపు ముసలమ్మలు తమ దొడ్లలో వావిలి కొమ్మలు నాటుకున్నది అడవికి వెళ్లి ఫారెస్టువాళ్ల కంటపడటం ఇష్టంలేకేనని చెప్పేవాళ్లు. ఊరందరి సంగతీ అదే అని అనను. కానీ పొలానికి శిస్తూ అడవికి పుల్లరీ కట్టే మనిషికి, ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేని ఆ నాలుగు గజాల మీద ఎంత ప్రేమ ఉంటుందో నేను ఊహించగలను. పొలం పట్టా మగవాళ్ల పేరున ఉండేది. పంట డబ్బు వాళ్ల చేతిలో పడేది. దొడ్డికి పట్టా లేదు కాబట్టి దాని మీద పెత్తనం అత్తదో కోడలిదో అయింది.

ఇక వైద్యం సంగతి. నేను సూదిమందు మనిషిని. ఆకు అన్ని రోగాలనూ తగ్గిస్తుందని నా చేత ఎవరూ అనిపించలేరు. కామెర్లకు నేల ఉసిరి పసరు తాగిస్తూ ఆస్పత్రికి ఆలస్యంగా తెచ్చిన మనుషులను చూశాను. పాము కరిస్తే పసరు పోసి, కట్టు కట్టి, మందు అందే గడియ దాటించేసిన ఇళ్లను చూశాను. ఆ రెంటికీ దొడ్డి దారి చూపదు, అంబులెన్సే చూపాలి. దొడ్డి చేసే మేలు వేరే చోట ఉంది, అది నెమ్మదిగా పనిచేస్తుంది.

హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో (ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ) సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ఒక సంగతి బయటపెట్టారు. దక్కను పీఠభూమిలో జొన్నే ఆధారంగా బతికే పేదలకు పెల్లాగ్రా వస్తోంది. చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు, మతి చలించడం కూడా ఉంటాయి. జొన్నలో లూసిన్ ఎక్కువగా ఉండటం ఇందుకు ఒక కారణమని వాళ్లు చెప్పారు. జొన్న చెడ్డదని దీనర్థం కాదు. జొన్న ఒక్కటే తింటే చెడు. జొన్నన్నం పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్న ఇల్లు వేరు, ఉల్లిపాయా కారమూ తప్ప ఏమీ లేని ఇల్లు వేరు. పల్నాడు జొన్నకూడు తిన్న సీమ. చేతిలో పైసా ఆడని రోజుల్లో ఆ కంచంలో పక్కన పడే పిడికెడు తోటకూర దొడ్లోంచే రావాలి.

1970లో కేంద్రం రెండు పథకాలు మొదలుపెట్టింది. గర్భిణులకు, పిల్లలకు రక్తహీనత రాకుండా ఇనుము మాత్రలు. రేచీకటి రాకుండా అయిదేళ్లలోపు పిల్లలకు ఆరునెలలకోసారి విటమిన్ ఎ ద్రావకం. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ రెండూ నా సంచిలో ఉండేవి. ద్రావకం పిల్లల నోట్లో నేనే పోసేదాన్ని కాబట్టి లోపలికి పోయేది. మాత్రలు అలా కాదు. మలం నల్లగా వస్తోందనీ, బిడ్డ నల్లగా పుడుతుందనీ భయపడి పారేసేవాళ్లు. బొప్పాయి మొదట్లో ఎర్రటి మాత్రలు కనబడితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. “చెట్టుకు బలం పట్టిందిలేమ్మా, నీకెప్పుడు?” అనేదాన్ని. మాత్రలు మింగమంటూనే మునగాకు కూడా చెప్పేదాన్ని. మునగాకు మాత్రకు బదులు కాదు. కానీ మాత్రకు భయపడినవాళ్లు మునగాకుకు భయపడరు. ఎండబెట్టి కారప్పొడిలో కలిపితే మగవాళ్లూ తింటారు, పిల్లలూ తింటారు. ఆ మాట పట్టుకుని ఇంట్లోకి చేరాక మాత్ర మింగించడం తేలికయ్యేది.

పథ్యం నా అసలు గొడవ. బాలింతకు వావిలాకు కాచిన నీళ్లతో స్నానం పోసేవాళ్లు. దాంతో ఒళ్లు నొప్పులు తగ్గుతాయని వాళ్ల నమ్మకం, నాకేమీ అభ్యంతరం లేదు. అదే దొడ్లో కళ్లెదుట పెరుగుతున్న తోటకూరను మాత్రం, బిడ్డకు పడదని ఆ బాలింతకు పెట్టేవాళ్లు కాదు. నెత్తురు పోయి పాలిపోయిన పిల్ల, ఉప్పూ మిరియాల పొడీ వేసుకున్న అన్నం, పది అడుగుల దూరంలో ఏపుగా పెరిగిన ఆకుకూర. అత్తగారితో వాదిస్తే పని కాదు. “ఏం పిన్నీ, నీ తోటకూర ఇంత బాగుంది, నాకో కట్ట ఇయ్యవా” అని మొదలుపెట్టేదాన్ని. ఇచ్చేది. మర్నాడు వచ్చి, కూర ఎంత రుచిగా ఉందో చెప్పేదాన్ని. ఆవిడ మొహం వెలిగాక కోడలి మాట ఎత్తేదాన్ని. కొన్నిసార్లు గెలిచాను, కొన్నిసార్లు లేదు. ఆ బేరాల్లో నాకు తెలిసొచ్చింది ఒకటుంది. మనిషిని మెత్తబరచాలంటే వాళ్లకేదైనా ఇవ్వడం కంటే వాళ్లను ఏదైనా అడగడం మేలు.

ఇది నేను కనిపెట్టిన కిటుకేమీ కాదు. పల్నాటి ఆడవాళ్లకు ముందే తెలుసు. 1987-88లో పత్తికి తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పుల పాలై పురుగుమందు తాగారు. నేను తిరిగిన ఊళ్లలోనూ ఆ చావులు ఉన్నాయి. ఒకింట్లో పాతికేళ్లు కూడా లేని అమ్మాయి, చంకలో బిడ్డ. భర్త పోయిన ఏడాదిలోపు ఆమె ఇంకో ఇంటి గడప తొక్కకూడదు. ఎదురొస్తుందేమోనని వీధి తలుపు కూడా వేసి ఉంచేవాళ్లు. బిడ్డకు టీకా వేయడానికి నేను దొడ్డివైపు నుంచి వెళ్తే, ఆమె గోడకు చారగిలబడి పలక్కుండా కూర్చునేది. కొన్ని వారాల తర్వాత వెళ్లేసరికి పొరుగింటి పెద్దావిడ దడి దగ్గర నిలబడి “ఏమ్మాయ్, రెండు రెబ్బలు కరివేపాకు ఇస్తావా?” అంటోంది. ఆ అమ్మాయి లేచి, కోసి ఇచ్చింది. అలా రోజూ అడుగుతుందట. ఆ పెద్దావిడ దొడ్లోనూ గుబురుగా కరివేపాకు చెట్టుంది, నేను చూశాను. మీకుండగా ఎందుకని బయటికి వచ్చాక అడిగాను. “నేను అడక్కపోతే ఆ పిల్ల గోడ మొదట్నుంచి లేచేదెట్టా నర్సమ్మా?” అంది.

కరివేపాకు తర్వాత ఇంకొకావిడ పొట్ల గింజలు అడిగింది. ఇంకొకరు దొండ తీగ ముక్క అడిగారు. తీగ ఇచ్చాక అది అంటుకుందా లేదా అన్న కబురు తిరిగి దడి దాకా రావాల్సిందే. వీధి తలుపు మూసి ఉన్న ఆ ఏడాదంతా ఆ అమ్మాయికి ఊరు దొడ్డివైపు నుంచి వచ్చింది. ఆమె దుఃఖం తగ్గిందని నేను అనను. మంచినీళ్లు ముట్టని మనిషి అన్నం తినడం మొదలుపెట్టింది, బిడ్డ బరువు పెరిగింది. నా రిజిస్టరులో రాసింది ఆ బరువు ఒక్కటే.

దడి మీదుగా పోయేది ఎప్పుడూ పచ్చి కూరే, గమనించండి. వండిన కూర పోవడానికి కులం అడ్డు. పల్నాడుకు ఈ విషయంలో గొప్ప పేరుంది. పన్నెండో శతాబ్దంలో మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడనీ వీరగాథ చెబుతుంది. కారంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు వడ్డిస్తారు. ఉత్సవం అయ్యాక ఇళ్లకు వెళ్లిన జనం పొయ్యిలు మాత్రం వేరుగానే ఉంచుకున్నారు. నేను తిరిగిన పల్లెల్లో వండిన గిన్నె పోలేని ఇళ్ల మధ్య సొరకాయ పోవడం చూశాను, మునగకాడల కట్ట పోవడం చూశాను. దీన్ని సమానత్వం అనలేను. పెద్ద దొడ్డి ఉన్నవాళ్లే ఎక్కువగా ఇచ్చేవాళ్లు, కూలి ఇళ్లకు దొడ్డే లేదు. గుడిసె వెనక మూడు మూరల జాగా, అందులో ఒక బీరపాదు, అది గుడిసె కప్పు మీదికి పాకేది. కానీ ఆ ఇంటి బీరకాయ కూడా దడి దాటి ఇవతలికి వచ్చేది, మా ఇంటికీ వచ్చింది. కూలిడబ్బు, అప్పు, గింజలు అన్నీ పైనుంచి కిందికి పోయే ఊళ్లో, ఎదురుదారిలో పోగలిగినవి బహు కొద్ది.

పార్టీల గొడవల సంగతీ అంతే. మా సీమలో ఊరు రెండుగా చీలితే మగవాళ్లకు టీ కొట్లూ రెండు, పెళ్లి పిలుపులూ రెండు. ఆడవాళ్లు పైకి మాటలు మానేసేవాళ్లు. దీపాలవేళ దాటితే ఆకు తెంపకూడదంటారు కదా, ఆ వేళకు ముందే దడి సందులోంచి చేయి వచ్చి నాలుగు రెబ్బలు కోసుకుని పోయేది. ఎవరి చేయో అందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టే ఉండేవాళ్లు. వినాయక చవితికి పిల్లలు పత్రి కోసం ఊరంతా తిరిగేవాళ్లు. ఉత్తరేణి ఒక దొడ్లో, వావిలి ఇంకో దొడ్లో, మాచిపత్రి మరో దొడ్లో. శత్రువుల ఇంటి దొడ్లోకి కూడా ఆ రోజు పిల్లలకు అడ్డు లేదు. ఏ ఆకు ఏమిటో, ఎవరింట్లో ఏముందో వాళ్లకు అప్పుడే తెలిసేది.

ఇంత జరిగిన దొడ్డి నీళ్లు లేనప్పుడు నిలబడి, నీళ్లు వచ్చాక చెదిరింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద వరి వచ్చింది, పత్తి, మిరప పెరిగాయి. జొన్నకూడు తిన్న ఇళ్లలో వరన్నం ఉడికింది. దీన్ని కాదనే మనిషి పల్నాడులో ఉండడు, నేనూ అనను. కాకపోతే డబ్బు వచ్చిన ఇల్లు వెనక్కి పెరిగింది. అన్నదమ్ములు పంచుకుంటే దొడ్డి రెండు ముక్కలై, ముక్కకో స్లాబు గది లేచింది. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చాక పేడ దిబ్బ పోయింది. మురుగు నీళ్లు సిమెంటు కాలవలో వీధిలోకి పోయాయి. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల పొడి ఆకుల మీద తెల్లగా పేరుకునేది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది పురుగుమందు డబ్బాలు. మందు కొట్టి వచ్చి పంపును గాబు దగ్గరే కడిగేవాళ్లు, ఆ నీళ్లు పాత అలవాటు కొద్దీ బచ్చలి మడిలోకే పోయేవి. ఖాళీ డబ్బాలో ఆవకాయ పెట్టడం కూడా చూశాను. డబ్బాలు గొయ్యి తీసి పాతండని చెప్పడం నా ఉద్యోగంలో లేని పని, అయినా ఎక్కువ గొంతు చించుకున్నది దానికే.

కూరలు సంతకొచ్చాయి, తర్వాత కొట్టుకొచ్చాయి. ఆకుకూర కొనుక్కోవడం చిన్నతనంగా భావించిన తరం పోయింది. పెరటి తోటలు పెంచమని సర్కారు చెప్పడం కొత్త కాదు. 1965 తిండి కొరతలో లాల్ బహదూర్ శాస్త్రి తన అధికార నివాసంలోని పచ్చికను దున్నించి దేశానికి చూపించారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో మహిళా సంఘాలవాళ్లే ముందున్నారు, పెరటి మడులు కూడా అందులో భాగం. ఆ కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పట్నాల్లో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ల చలవతో మిద్దె తోట అన్నది ఇంటింటి మాటయింది. నరసరావుపేటలో మా వీధిలో రంగు డబ్బాల్లో టమాటా, వంగ పెంచుతున్నారు. కరోనా లాక్‌డౌన్‌లో మేడల మీద నుంచి మేడల మీదికి నారు పొట్లాలు చేతులు మారాయి. అప్పటిదాకా నాకు పేరు తెలియని పక్కింటి కోడలు “ఆంటీ, వాము ఆకు ఉందా?” అని అడిగింది. ఉంది అన్నాను. ఆమెకు దగ్గు తగ్గిందో లేదో గుర్తులేదు కానీ, ఇప్పుడు ఆమె నా మందులు కొట్టు నుంచి తెచ్చిపెడుతుంది.

సర్కారు చివరికి ఆ మూడో నేలను కొలవడం మొదలుపెట్టింది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ పథకం తెచ్చింది. డ్రోన్లతో గ్రామకంఠాలను కొలిచి ఇంటి యజమానికి కార్డు ఇస్తారు. అదే ఏడాది చివర రాష్ట్రంలో పేదలకు ఇంటి పట్టాలిచ్చారు, పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర, ఆడవాళ్ల పేరు మీద. సెంటంటే 48.4 చదరపు గజాలు. ఒక గది, వంటిల్లు, మరుగుదొడ్డి, మెట్లు, అంతటితో సరి. నా తరం ఆడవాళ్లకు దొడ్డి ఉండేది, కాగితం లేదు. వీళ్లకు కాగితం ఉంది, దొడ్డి లేదు. కాగితం చిన్నదని నేను అనను. భర్త పోయిన మర్నాడే ఇంట్లోంచి వెళ్లగొట్టబడ్డవాళ్లను చూసినదాన్ని.

రెండూ ఉండటం అసాధ్యమేమీ కాదు. లేఅవుటులో ఉమ్మడి ఖాళీ జాగా వదలాలని నిబంధన ఎలాగూ ఉంది. ఆ జాగాను కాలనీ చివర పిచ్చిచెట్లకు వదిలెయ్యకుండా, వరసకు ఇంతని చీల్చి, స్నానాల నీళ్లు దిగే వైపున మడులుగా వదిలితే చాలు. మరుగుదొడ్డి నీటిని వేరుచేసి, మిగిలిన నీటిని మడిలోకి తిప్పే గొట్టం కాలవ తవ్వేటప్పుడే వేయాలి, తర్వాత వేస్తే ఖర్చు ఎక్కువ. ఏ మడి ఎవరిదో రాసిపెట్టడం ఆ వరస ఆడవాళ్లకు వదిలెయ్యండి. తగువులు వస్తాయి. దొండకాయలు నువ్వు కోశావంటే నువ్వు కోశావంటారు. రానివ్వండి. ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఏళ్లు గడిపే కాలనీలకు, బీపీ మాత్రలు మింగుతూ ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న నా వయసువాళ్లకు, ఆ తగువు కూడా మందే.